అపార్టుమెంట్ల కాంట్రాక్టు: తివాచీల శుభ్రత పనిలో మేము నేర్చుకున్నది

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపన్యాసాలు ఇవ్వడం మాకు చేతనయిన పని కాదు. కార్యదర్శిగారు పిలిచి, "మీరు సంఘం దగ్గర కర్జె హసనా తీసుకున్నారు, తీర్చేశారు, మధ్యలో ఆరు నెలలు ఆపారు కూడాను. ఆ ఆరు నెలల్లో ఏం జరిగిందో సభలో చెప్పండి, కొత్తగా పని పెట్టుకునే పిల్లలకు పనికొస్తుంది" అన్నారు. సంఘం డబ్బు మీ అందరి డబ్బు. దాని లెక్క చెప్పడం మా బాధ్యత అనుకుని ఒప్పుకున్నాము.

మేము నలుగురు భాగస్తులం. మా ఊరు ఏలూరు. ఏలూరు తివాచీ సంగతి ఇక్కడున్న పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. పర్షియా నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్ళు ఆ పని తెచ్చారని మన పెద్దలు చెప్పుకుంటారు. మాలో ఇద్దరి తాతలు మగ్గం ముందు కూర్చుని ఉన్ని ముడులు వేసినవారే. మిషను తివాచీలు చౌకగా దొరకడం మొదలయ్యాక మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. మా తండ్రుల కాలంలో కొందరు గల్ఫు దేశాలకు పోయారు, కొందరు ఆటోలు నడుపుకున్నారు. మేము హైదరాబాదు చేరి తివాచీలు, సోఫాలు శుభ్రం చేసే పనిలో పడ్డాము. తాతలు నేసేవారు, మనవలు ఉతుకుతున్నారు అని మా ఇళ్ళలో ఆడవాళ్ళు నవ్వుతుంటారు.

2018లో ఒక పాత మిషనుతో మొదలుపెట్టాము. ఇంటింటి పని. ఫోను వస్తే పోవడం, తివాచీ ఉతికి డబ్బు చేతిలో పెట్టించుకుని రావడం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పని పూర్తిగా ఆగిపోయింది. మళ్ళీ తేరుకునేసరికి ఏడాది పైగా పట్టింది. 2021లో మన సంఘం మాకు 1,50,000 రూపాయలు వడ్డీ లేకుండా ఇచ్చింది. నెలకు 5,000 చొప్పున 30 కిస్తులలో తీర్చాలని మాట. ఆ డబ్బుతో నీళ్ళు చిమ్మి వెంటనే పీల్చుకునే ఎక్స్‌ట్రాక్షన్ మిషను ఒకటి, ఆరబెట్టే బ్లోయర్లు రెండు కొన్నాము. నలుగురు కుర్రాళ్ళను పనిలో పెట్టుకున్నాము.

మిషను వచ్చాక ఆశ కూడా పెరిగింది. ఇంటింటికీ తిరగడం ఎందుకు, ఒక పెద్ద అపార్టుమెంటు పట్టుకుంటే ఏడాదంతా పని ఉంటుంది కదా అనుకున్నాము. అమెరికాలో ఉన్న మా బంధువు ఒకాయన, అక్కడ తివాచీ పనివాళ్ళు అపార్టుమెంట్ల కాంట్రాక్టు మీదనే బతుకుతారని చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే. అక్కడ అద్దె అపార్టుమెంట్లలో చాలావాటికి గదులలో నేల పొడుగునా తివాచీ పరచి ఉంటుంది. కాంప్లెక్సు మొత్తం ఒక్క యజమానిది. అద్దెవాడు ఖాళీ చేసినప్పుడు, ఇంకొకడు దిగేలోపల, ఆ యజమాని తివాచీ శుభ్రం చేయించుకుంటాడు. ఒక్క మనిషితో ఒప్పందం చేసుకుంటే చాలు, వందల ఫ్లాట్ల పని వస్తుంది.

మన దగ్గర సంగతి వేరు. ఒక్కొక్క ఫ్లాటుకు ఒక్కొక్క సొంతదారు. అసోసియేషన్ చేతిలో ఉండేది అందరికీ ఉమ్మడిగా ఉన్న జాగా మాత్రమే. అంటే క్లబ్ హౌసు, అతిథుల గదులు, సినిమా చూసే చిన్న హాలు, లిఫ్టుల ముందు పరచిన చాపలు. ఫ్లాటు లోపల ఏముందో దానికి అసోసియేషన్‌తో సంబంధం లేదు. పైగా మన ఎండలకు, మన దుమ్ముకు ఎక్కువమంది నేలకు టైల్సు వేయించుకుని మధ్యలో చిన్న తివాచీ ఒకటి పరుచుకుంటారు, కొందరికి అదీ లేదు. ఈ తేడా మాకు అప్పుడు తట్టలేదు. అమెరికా లెక్కను హైదరాబాదులో వేశాము.

2021 నవంబరులో నగరానికి పడమట వైపు అయిదు బ్లాకులు, 300 పైగా ఫ్లాట్లు ఉన్న ఒక అపార్టుమెంటులో పని దొరికింది. పేరు చెప్పము, చెప్పనవసరం లేదు. అప్పటి అధ్యక్షుడు మంచి మనిషి. "ఉమ్మడి జాగాలో తివాచీ 2,500 చదరపు అడుగులు ఉంటుంది. నెలకొకసారి చేయండి. ఫ్లాట్ల వాళ్ళకు కూడా మీ పేరే చెప్తాము" అన్నారు. మేము నెలకు 16,000 రూపాయలు చెప్పాము. సరే అన్నారు. చేతులు కలుపుకున్నాము. కాగితం రాసుకోలేదు. పెద్దమనిషి ముందు కాగితం అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడ్డాము.

సోదరులారా, ఆ 16,000 ఎలా వచ్చిందో లెక్క చెప్తాము వినండి. 2,500 అడుగులకు రెండు రాత్రుల పని. నలుగురు కుర్రాళ్ళకు రాత్రికి 700 చొప్పున 5,600. మందులు, షాంపూలు 1,800. సామాను తీసుకుపోయే బండి 2,400. మిషను అరుగుదలకు 2,000. తిండి, టీలు 800. మొత్తం 12,600. మాకు 3,400 మిగులుతుంది. ఫ్లాట్లలో సగమైనా పని ఇస్తే ఇక చూసుకోనక్కరలేదు అనుకున్నాము.

మొదటి నెల పనిలో దిగాక టేపు పెట్టి కొలిచాము. ముందు కొలవవలసినది తరువాత కొలిచాము. 4,100 అడుగులు తేలింది. రెండు రాత్రుల పని మూడు రాత్రులు అయింది. కూలి 8,400, మందులు 2,900, బండి 3,600, మిషను 3,000, తిండి 1,200. మొత్తం 19,100. నెలకు 3,100 నష్టం, అందులో మా నలుగురి కష్టం లెక్కలోకి రాలేదు. అయినా రేటు పెంచమని అడగడానికి నోరు రాలేదు. మాట ఇచ్చాము కదా అని ఊరుకున్నాము. ఫ్లాట్ల మీద పెట్టుకున్న ఆశ చూద్దామంటే, ఆరు నెలల్లో పని ఇచ్చినవారు 41 మంది. మేము ఫ్లాట్లు లెక్కపెట్టుకున్నాము గాని తివాచీలు లెక్కపెట్టలేదు.

నవంబరు బిల్లు చెక్కు రూపంలో వచ్చింది. జనవరి ఆఖరులో వాళ్ళ సర్వసభ్య సమావేశం జరిగి కమిటీ మారింది. కొత్త కోశాధికారి మమ్మల్ని పిలిచి, "మీతో ఒప్పందం ఏది? తీర్మానం ఏది? పాత మినిట్స్ పుస్తకంలో మీ పేరు లేదు" అన్నారు. మా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. అప్పుడు మాకు కోపం వచ్చిన మాట నిజం. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన తప్పు కనబడదు. ఆయన చేతిలో ఉన్నది 300 కుటుంబాల డబ్బు. కాగితం లేకుండా ఎలా ఇస్తాడు? మన సంఘం కోశాధికారిగారైతే ఇస్తారా?

ఇవాళ వస్తుంది రేపు వస్తుంది అనుకుంటూ ఏప్రిల్ దాకా పని చేశాము. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అయిదు బిల్లులు, 80,000 రూపాయలు ఆగిపోయాయి. ఫిబ్రవరి నుంచే సంఘానికి కిస్తు కట్టలేకపోయాము. 2022లో రంజాన్ మాసం ఏప్రిల్‌లో వచ్చింది. మా కుర్రాళ్ళకు రెండు నెలల కూలి బాకీ. చెమట ఆరకముందే కూలివాడి కూలి ఇవ్వాలని చిన్నప్పటి నుంచి మస్జిదులో విన్నవాళ్ళమే. రోజా ఉండి రాత్రులు పని చేసే కుర్రవాడి మొహం చూడలేక తల వంచుకుని తిరిగాము. చివరకు మాలో ఒకరు తన మోటారుసైకిలు 31,000కు అమ్మేశారు. ఈదుకు రెండు రోజుల ముందు కుర్రాళ్ళ బాకీ తీర్చాము. ఆ ఈదుకు మా ఇళ్ళలో పిల్లలకు కొత్త బట్టలు లేవు. దానికి బాధ లేదు.

బాధ ఇంకొకందుకు కలిగింది. కిస్తు కట్టలేకపోతున్నామని చెప్పడానికి కార్యదర్శిగారికి ఫోను చేశాము. ఆయన ఒక్క మాట అనలేదు. "సరే నాయనా, వీలైనప్పుడు కట్టండి. ఆపరేషనుకు సాయం అడిగిన ఒక అమ్మకు మాత్రం, వచ్చే నెల చూద్దాం అని చెప్పాల్సి వచ్చింది" అన్నారు. అల్లాహ్ దయవల్ల ఆ తల్లికి తరువాత సాయం అందిందని విన్నాము. కాని ఆ రోజు మేము నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాము. ఒక కాగితం రాసుకోనందుకు, ఒక టేపు పట్టుకోనందుకు, మాకు ముఖపరిచయమైనా లేని ఒక తల్లి ఎదురుచూడవలసి వచ్చింది. ఇవాళ ఇక్కడ నిలబడడానికి కారణం అదే.

మొత్తానికి ఆ డబ్బు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. వాళ్ళ గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టరులో మేము వచ్చిపోయిన తేదీలు, వేళలు అన్నీ ఉన్నాయి. పని అయ్యాక మేనేజరుకు ఫోనులో పంపిన ఫోటోలు ఉన్నాయి. నవంబరు బిల్లు మా బ్యాంకు ఖాతాలో పడిన ఆధారం ఉంది. ఇవన్నీ తేదీల వారీగా పేర్చి, మర్యాదగా ఒక ఉత్తరం రాసి ఇచ్చాము. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అదృష్టవశాత్తు మేము ముందే చేయించి ఉన్నాము. 2006 నాటి చట్టం ఒకటి ఉంది. ఉద్యమ్‌లో నమోదయిన చిన్న సంస్థకు బాకీని ఒప్పందం ఉంటే అందులో రాసిన గడువులో, అది ఎంతైనా 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని అందులో ఉంది. ఆలస్యమైతే వడ్డీ కూడా అడగవచ్చునని ఆడిటరుగారు చెప్పారు. మాకు వడ్డీ వద్దు, అసలు చాలు అని ఉత్తరంలో రాశాము. కొత్త కమిటీ చూసి ఒప్పుకుంది. 2 శాతం పన్ను కోసుకుని 78,400 రూపాయలు జులైలో కొంత, సెప్టెంబరులో కొంత ఇచ్చారు. ఆగస్టు నుంచి మళ్ళీ సంఘం కిస్తు మొదలుపెట్టాము. 2024 నవంబరుతో బాకీ పూర్తిగా తీరింది, అల్‌హందులిల్లాహ్.

బిల్లులన్నీ వచ్చినా ఆ కాంట్రాక్టులో మాకు నష్టమే. ఆరు నెలలకు 18,600. ఇది గుర్తుపెట్టుకోండి. కాగితం రాసుకుంటే ఆగిన డబ్బు వస్తుంది. తక్కువ చెప్పిన రేటు మాత్రం తిరిగి రాదు.

ఇప్పుడు మేము పాటించే పద్ధతి చెప్తాము. అపార్టుమెంటు పనే కాదు, రంగుల పని, కరెంటు పని, ప్లంబింగు చేసే మన పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది.

మొదటిది, రేటు చెప్పేముందు స్వయంగా పోయి కొలవాలి. గదుల వారీగా కాగితం మీద వేసి, మేనేజరు చేత సంతకం పెట్టించుకోవాలి. పాత మరకలు, కాలిన చోట్లు, చిరుగులు ఫోటోలు తీసుకోవాలి. లేకపోతే అవన్నీ మన తల మీదికి వస్తాయి.

రెండోది, ఒప్పందం అధ్యక్షుడితో కాదు, అసోసియేషన్‌తో. దాని రిజిస్టరు పేరు మీద వర్క్ ఆర్డరు ఉండాలి. కమిటీ తీర్మానం నంబరు అందులో వేయించుకోవాలి. మనుషులు మారుతారు, పుస్తకం మిగులుతుంది.

మూడోది, అందులో ఏమేమి ఉండాలో ముందే చూసుకోవాలి. ఎన్ని అడుగులు, ఎన్నిసార్లు, ఏ వేళల్లో. నీళ్ళు, కరెంటు ఎవరివి. సామాను లిఫ్టు వాడుకోవచ్చునా. బిల్లు ఎన్ని రోజుల్లో ఇస్తారు. పని మానాలంటే ఎవరు ఎన్నాళ్ళ ముందు చెప్పాలి. మేము ఇంకొకటి కూడా రాయిస్తున్నాము, శుక్రవారం 12:30 నుంచి 2:30 వరకు పని ఉండదని. ముందుగా చెప్తే ఇంతవరకు ఒక్కరు కూడా కాదనలేదు.

నాలుగోది, పన్ను సంగతులు. ఏడాది మొత్తం మీద బిల్లులు లక్ష దాటితే అసోసియేషన్ కొంత పన్ను కోసుకుని ఇస్తుంది. ఒంటరిగా పని చేసేవారికి నూటికి 1, మాలాంటి భాగస్వామ్యానికి 2. పాన్ నంబరు ఇవ్వకపోతే నూటికి 20 కోస్తారు. సేవల పనికి ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. ఇవి తెలియకుండా రేటు చెప్పకూడదు.

అయిదోది, అన్నిటికంటె ముఖ్యమైనది. రెండు నెలల కూలి, మందుల ఖర్చు చేతిలో లేకుండా కాంట్రాక్టు ఒప్పుకోకూడదు. ఇంటింటి పనిలో డబ్బు సాయంత్రానికి వస్తుంది. కాంట్రాక్టులో పని ముందు, డబ్బు తరువాత. ఆ మధ్య కాలం మన సొంత డబ్బుతో నడవాలి గాని కుర్రాళ్ళ కూలితో, సంఘం కిస్తుతో నడపకూడదు. మేము చేసిన పెద్ద తప్పు అదే.

పని నాణ్యత గురించి ఒక్క మాట. ముందు వాక్యూమ్‌తో పొడి దుమ్ము బాగా లాగకుండా నీళ్ళు పోస్తే అది బురద అవుతుంది. సబ్బు పూర్తిగా కడగకపోతే అదే మళ్ళీ మురికిని పట్టుకుంటుంది. ఉన్ని తివాచీకి బట్టల సోడా, ఘాటైన పొడులు పనికిరావు. బ్లీచింగు అసలే కూడదు, ఉన్నిని తినేస్తుంది. మొదట ఒక మూల తెల్లగుడ్డ తడిపి అద్ది, రంగు దిగుతుందేమో చూడాలి.

ఇది కూడా నష్టపోయి నేర్చుకున్నదే. ఒక ఫ్లాటులో మా కుర్రవాడు సింథటిక్ తివాచీకి వాడే పొడిని ఉన్ని తివాచీకి వాడాడు. ఎర్ర రంగు దిగి తెల్ల అంచుకు పట్టింది. ఇంటివాళ్ళు ఆఫీసులో ఉన్నారు. పాత మరకేనని చెప్పి తప్పుకోవచ్చును. మేమే ఫోను చేసి, తప్పు మాది అని చెప్పాము. 18,000కు ఒప్పుకున్నారు. మూడు విడతల్లో కట్టాము. ఆ ఇంటివారు ఈనాటికీ మమ్మల్నే పిలుస్తారు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెట్టి, మీరు చేసిపోండి అంటారు. ఒకరి ఇంటిలోకి పోయి చేసే పని ఇది. మన పేరు చూసి జంకేవాళ్ళు ఒకరిద్దరు ఉంటే ఉండవచ్చు. వాళ్ళకు మాటలతో జవాబు చెప్పలేము. పని చూపించి, లెక్క చూపించి చెప్పాలి.

ఇప్పుడు మా చేతిలో రెండు కాంట్రాక్టులు ఉన్నాయి. రెండూ చిన్నవే, ఒకటి 96 ఫ్లాట్లది. రెండూ కొలిచి, రాసుకుని ఒప్పుకున్నవే. మిగతా రోజుల్లో ఇంటింటి పని, రంజాన్ ముందు మస్జిదుల జానిమాజులు, తివాచీల పని. గొప్ప సంపాదన అని చెప్పము. నలుగురు భాగస్తుల ఇళ్ళు, అయిదుగురు కుర్రాళ్ళ ఇళ్ళు గడుస్తున్నాయి.

ఖుర్ఆన్ షరీఫ్‌లో అన్నిటికంటె పొడవైన ఆయత్ సూరె బఖరాలోని 282వది. అది నమాజు గురించో రోజా గురించో కాదు. గడువు పెట్టుకున్న బాకీ లావాదేవీని చిన్నదైనా పెద్దదైనా రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి. చిన్నప్పుడు మదరసాలో అది చదివాము. పెద్దవాళ్ళమై మొహమాటానికి పోయి మరిచాము. కాగితం అడగడం ఎదుటివారిని అనుమానించినట్లు కాదు. ఇద్దరినీ, వాళ్ళ వెనక ఉన్న ఇళ్ళనూ కాపాడుకున్నట్లు.

చివరగా రెండు మనవులు. కర్జె హసనా తీసుకుని కాంట్రాక్టు పనులు చేయాలనుకునే పిల్లలు సంతకం పెట్టేముందు ఆ కాగితం తెచ్చి సంఘంలో పెద్దలకు ఒకసారి చూపించండి. మన సభ్యులలో లెక్కలు తెలిసినవారు, వకీళ్ళు ఉన్నారు. ఇష్టమైతే మా దగ్గరకూ రండి, టేపు పట్టుకుని మేము కూడా వస్తాము. రెండోది, మేము ఆపిన ఆ ఆరు కిస్తులకు బదులుగా, వైద్య సహాయ నిధికి ఈ సంవత్సరం నుంచి నెలకు 1,000 రూపాయలు ఇవ్వాలని నలుగురం అనుకున్నాము. దయచేసి స్వీకరించండి. దానికి మాత్రం రసీదు తప్పకుండా రాసి ఇవ్వండి.

మా మాటల్లో తప్పులుంటే క్షమించండి. అల్లాహ్ మనందరి కష్టార్జితంలో బర్కత్ ప్రసాదించుగాక, బాకీ మిగలకుండా కాపాడుగాక. ఆమీన్. సెలవు.